వేర్పాటు దూరం

ఒప్పందం చదివి వినిపించింది నేనే. అది ముందుగా చెప్పాలి.

సెప్టెంబరు ఆఖరి శుక్రవారం. ఒమన్‌లో ఖురియాత్ దాటాక రాళ్లదారిలో గంటసేపు కొండల్లోకి పోతే వచ్చే ఊరు. ఇరవై ఇళ్లు, ఖర్జూర చెట్లు, కొండ మొదలు నుంచి వచ్చే ఒకే ఒక్క నీటికాలువ. ఏ పొలానికి ఎన్ని గంటలు నీళ్లో తాతల నాడే వంతులు పడ్డాయి. ఆ ఊళ్లో ఖల్ఫాన్ అనే రైతు దగ్గర మా తమ్ముడు భూమేశ్ నాలుగేళ్లుగా తోట పని వీసా మీద ఉన్నాడు. అతనికి ఖల్ఫానే అర్బాబు. అర్బాబు అంటే యజమాని అనుకోవాలి గానీ, ఈ యజమానికి ఉన్నది మూడెకరాలు, రెండు ఆవులు, వారానికి పదకొండు గంటల నీళ్లు.

ఖల్ఫాన్ ఇంటి ముందుగదిలో తివాచీ మీద కూర్చున్నాం. ఎదురుగా నిసార్ అహ్మద్. సీబ్‌లో ఆఫీసున్న ఒక విత్తనాల కంపెనీకి ఫీల్డ్ సూపర్‌వైజరు. బోధన్ మనిషి. ఊరు చెప్పగానే భూమేశ్ లేచి చేయి కలిపాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. అరబ్బీ ప్రతి తర్వాత వస్తుందన్నారు.

"ముదర్రిసా, నువ్వు చదువు. నువ్వు చదివితే నాకు నమ్మకం" అన్నాడు ఖల్ఫాన్. టీచరమ్మా అని అరబ్బీలో పిలవడం. అతని హిందీ అంతా దుకాణాల్లో నేర్చుకున్నది, నాది బడిలో నేర్చుకున్నది. ఇద్దరికీ మధ్యలో భూమేశ్.

"మొత్తం చదవండి మేడం" అన్నాడు నిసార్. "తర్వాత మాకు చెప్పలేదు అంటే నా మీదకొస్తది."

చదివాను. పిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కొక్క వాక్యం ఆగి చెప్పాను. హైబ్రిడ్ ఖర్బూజా విత్తనం పండించాలి. ఆడ మొక్కల విత్తనం, మగ మొక్కల విత్తనం, మందులు, నీటి పైపులు కంపెనీవి. కాసిన ప్రతి కాయా కంపెనీదే, తినకూడదు, అమ్మకూడదు. పొలం చుట్టూ ఒక కిలోమీటరు వరకు ఖర్బూజా జాతి తీగ ఏదీ ఉండకూడదు. దాన్ని వేర్పాటు దూరం అంటారు. తేనెటీగ ఒక పువ్వు మీది పుప్పొడి ఇంకో పువ్వుకు మోస్తుంది, విత్తనం కల్తీ అవుతుంది. చుట్టూ కొండలు, పక్కన వేరే తోటల్లేవు కాబట్టే ఈ ఊరిని ఎంచుకున్నామన్నాడు నిసార్.

"ఒక కిలోమీటరంటే మా ఊరు మొత్తం" అన్నాడు ఖల్ఫాన్.

"అవును, మొత్తం."

తర్వాతి పేజీలో భూమేశ్ పేరుంది. క్రాసింగ్ పని, అంటే చేత్తో పువ్వుకు పుప్పొడి రాయడం, అతనే చేయించాలి. కంపెనీ ఒప్పుకున్న పంట ఒకటి చేతికిచ్చేదాకా అతను పొలం విడిచి పోకూడదు, అతని స్థానంలో ఇంకొకరు రాకూడదు. పంట తిరస్కరిస్తే అదే పొలంలో, అదే మనుషులు, వెంటనే మళ్లీ వేయాలి.

"అంటే ఒక్క పంటనే గదక్కా?" అన్నాడు భూమేశ్.

"ఒక్కటే. కంపెనీ ఒప్పుకోవాలె."

"ఎందుకొప్పుకోదు? కరీంనగర్ దిక్కు టమాట క్రాసింగ్ జేసిన చెయ్యి ఇది."

"చెయ్యి మంచిదే భై, నోరే జర పెద్దగుంది" అన్నాడు నిసార్. అందరం నవ్వాం. ఖల్ఫాన్‌కు అర్థం కాకపోయినా నవ్వాడు.

భూమేశ్ ఎందుకడిగాడో నాకు తెలుసు. అతని భార్య నవీనకు నాలుగో నెల. ఫిబ్రవరి ఆఖరుకు కాన్పు. రెండేళ్ల కింద మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు భూమేశ్ ఈ కొండల్లోనే ఉన్నాడు. ఈ ఊళ్లో ఫోను అందదు. కబురు మూడు రోజులకు చేరింది. ఈసారి పక్కనుంటానని నవీనకు మాటిచ్చి వచ్చాడు. జనవరి నెలాఖరుకు కోత, ఫిబ్రవరి మొదట్లో నిన్ను పంపిస్తానని ఖల్ఫాన్ అతని భుజం మీద చేయి వేసి చెప్పాడు. సంతకాలయ్యాయి.

ఆ సాయంత్రమే ఖల్ఫాన్ ఇల్లిల్లూ తిరిగాడు. ఈ ఏడు ఎవరూ ఖర్బూజా పెట్టొద్దని అడిగాడు. ఒక ముసలామె పిల్లల కోసం ప్రతి ఏడూ వాకిట్లో ఒక పాదు పెట్టేదట. ఆమె కూడా సరేనంది. ఆ శీతాకాలం ఊరంతా మాట మీద నిలబడింది.

మా ఆయన రఘుపతి జులైలో పోయారు. మస్కట్ ఘుబ్రాలో మా ఫ్లాటు మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర కూర్చుండిపోయారు. దాని గురించి ఇంతకంటే రాయలేను. ఆగస్టులో బడి తెరవగానే మా జగిత్యాల నుంచి తిరిగి వచ్చి సోషల్ పాఠాలు మొదలుపెట్టాను. మాకు పిల్లలు లేరు. శుక్రవారాలు ఫ్లాట్లో ఉండలేక ఆయన కారు తీసుకుని తమ్ముడి దగ్గరికి పోవడం అలవాటైంది.

అక్టోబరు మొదటి వారంలో ఆయన అల్మరా సర్దుతుంటే ఆస్పత్రి మందుల కవరొకటి దొరికింది. పైన ఆయన చేతిరాత: "దోస. చేదు లేనివి." ఆయనకు దోసకాయ పప్పంటే ప్రాణం. జగిత్యాల పోయినప్పుడల్లా కాయ కోసి, ముక్క నమిలి చూసి, చేదు లేకపోతేనే విత్తనం తీసి ఆరబెట్టేవారు. ఇక్కడ బాల్కనీ డబ్బాలో పెడితే ఎండకు నిలిచేది కాదు. అయినా తెచ్చేవారు.

ఆ కవరు భూమేశ్‌కు ఇచ్చాను.

"బావ తీసినయా?" అని అరచేతిలో పోసుకున్నాడు. లెక్కపెట్టినట్టు వేలితో ఒక్కొక్కటే పక్కకు జరిపాడు. "ఏడాది దాటితే మొలవయక్కా. ఇప్పుడే పెడ్త. రూమ్ ఎనుక తానం నీళ్లు పోతయి గద, ఆడ మంచిగ పాకుతది."

"మంచిది" అన్నాను.

ఆ ఒప్పందం మా ఇద్దరికీ కంఠతా వచ్చు. అయినా తట్టలేదు. మాకు దోస కూర. ఖర్బూజా పండు. ఒకటి పప్పులో పడుతుంది, ఒకటి వేసవిలో చక్కెర చల్లుకుని తింటాం. రెండూ ఒకే జాతి అని మా ఇళ్లలో ఎవరూ అనుకోగా వినలేదు. నేను చదువుకున్నదాన్ని, ఎవరినైనా అడగవచ్చు. అడగాలన్న అనుమానమే రాలేదు.

నవంబరు మధ్యలో క్రాసింగ్ మొదలైంది. మధ్యాహ్నం మూడింటి నుంచి, మర్నాడు విచ్చే మొగ్గను చిమటాతో విప్పి లోపలి పుప్పొడి తిత్తులు తీసేయాలి. పువ్వుకు గాయం కాకూడదు. మీద ఎర్ర కాగితం టోపీ పెట్టాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి, టోపీ తీసి, సుతారంగా రాసి, మళ్లీ టోపీ పెట్టి తెల్లదారం కట్టాలి. పొద్దున పది దాటితే పుప్పొడి పనికిరాదు. ఇలా ప్రతి పువ్వుకూ, నెల రోజులు. ఖల్ఫాన్ భార్య, మరదలు పొద్దున్నే వచ్చి దారాలు కట్టేవారు. నేను శుక్ర, శనివారాల్లో టోపీలు పెట్టేదాన్ని.

"అక్కా, గట్ల నొక్కకు. అది నీ స్టూడెంట్ చెవి గాదు" అనేవాడు భూమేశ్.

"నేను పిల్లల చెవులు పట్టుకోను."

"గందుకే వాళ్లకు సోషల్ రాదు."

ఒంగి పనిచేస్తున్నంత సేపూ నాకు ఇంకేమీ గుర్తొచ్చేది కాదు. సాయంత్రానికి పొలమంతా ఎర్ర టోపీలు. భూమేశ్ నిద్ర తక్కువై కళ్లు పీక్కుపోయినా, వారానికొకసారి ఖల్ఫాన్ పికప్‌లో ఖురియాత్ పోయి నవీనతో మాట్లాడి వచ్చేవాడు. వచ్చిన రోజు పాటలు పాడేవాడు.

రూమ్ వెనక దోసతీగ గోడ ఎక్కి రేకుల మీదికి పాకింది. డిసెంబరు మొదట్లో మొదటి కాయ పసుపురంగుకు తిరిగింది. కోసి, ఒక ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. చేదు లేదు. ఆ పూట ఇద్దరం దాంతోనే పప్పు చేసుకుని తిన్నాం.

నిసార్ ఈలోగా రెండుసార్లు వచ్చాడు. వరుసల్లో నడిచి, దారాలు చూసి, ఫోటోలు తీసుకుని, పొద్దు పోకముందే ఘాట్ దిగాలని వెళ్లిపోయేవాడు. కోతకు ముందు ఆఖరి తనిఖీకి జనవరి నాలుగో శుక్రవారం వచ్చాడు. పొలమంతా తిరిగి చూశాడు.

"భూమేశ్, గింత మంచి కట్టుడు నేను ఒమన్ మొత్తంల జూడలే" అన్నాడు. "ఒట్టు. నువ్వు టికెట్ తీసుకో పో."

భూమేశ్ నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

నమాజు వేళైంది. నిసార్, ఖల్ఫాన్ ఊరి మసీదుకు వెళ్లారు. వచ్చాక భోంచేసి వెళ్లమని నేనే పట్టుబట్టాను. ఆ పూట నాలో ఏదో సంతోషం. ఎన్నో నెలల తర్వాత ఇంటికొచ్చిన మనిషికి వండుతున్నాను. దోసకాయ పప్పు, ఎండుమిరప పోపు, అన్నం. భూమేశ్ రూమ్ ముందు చాప పరిచాం. ఖల్ఫాన్ కారం తినలేడు. ఖర్జూరాలు, గావా అనే అరబ్బీ కాఫీ పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

నిసార్ మొదటి ముద్ద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"యా అల్లా! మేడం, మా అమ్మీ గిట్లనే జేస్తది. గింత పులుపు, గింత కారం. ఈ దోసకాయ యాడ దొరికింది? రువీ మార్కెట్ల దొరికేటివి చేదుంటయి."

"కొన్నది కాదండీ. రూమ్ వెనకే కాసింది. మా ఆయన దాచిన విత్తనం. డిసెంబరు నుంచి కాస్తూనే ఉంది."

చెప్పాను. గర్వంగానే చెప్పాను.

అతని చేయి కంచం మీద ఆగింది. తర్వాత మళ్లీ కలుపుకుని, తల ఎత్తకుండా తిన్నాడు. మెతుకు వదల్లేదు. నేను ఇంకా వడ్డించబోతే చేయి అడ్డం పెట్టాడు. లేచి చేయి కడుక్కున్నాడు.

"ఏది మేడం, చూపించండి."

చూపించాను. తీగ నిండా పసుపుపచ్చ పూలున్నాయి. ఒక తేనెటీగ తిరుగుతోంది. నిసార్ అక్కడి నుంచి పొలం గట్టు దాకా అడుగులు వేసుకుంటూ నడిచాడు. ఎనభై నాలుగు అడుగులు. అప్పటికి భూమేశ్‌కు అర్థమైంది. నాకు ఇంకా కాలేదు.

"అన్నా, పీకేస్త. ఇప్పుడే పీకేస్త" అన్నాడు భూమేశ్.

"ఇప్పుడు పీకితే ఏమైతది? నువ్వు క్రాసింగ్ జేసినన్ని రోజులు పూసింది గద."

"ప్రతి పువ్వుకు టోపీ పెట్టినం. నీ కండ్లతోని జూసినవ్. ఈగ ఎట్ల దూరుతది?"

"దూరదు. నాకు తెలుసు." నిసార్ గొంతు తగ్గించాడు. "కాయితానికి తెల్వదు. ఖర్బూజా జాతి తీగ అని రాసుంది. దోస గదే జాతి. రేపు ఈ విత్తనం వేసి చూస్తరు. పదింట్ల ఒక్కటి తేడా మొలిస్తే ముందుగాల నా వీసా పోతది. నాకిద్దరు పిల్లలు."

"అన్నా, నవీనకు..."

"చెప్పకు. చెప్పకు భై. నేను తినకుంటే బాగుండేది."

ఫోటోలు తీసుకున్నాడు. నా వైపు తిరిగి, "మేడం, మీ చేతి వంట మీద ఒట్టు, నాకు మనసొప్పుతలేదు" అన్నాడు. పికప్ ఎక్కి వెళ్లిపోయాడు. ఖల్ఫాన్ ఏమైందని అడిగాడు. నేనే నా హిందీలో చెప్పాను. అతను గావా కప్పు చాప మీద పెట్టి, తీగ వైపు కాదు, ఊరి వైపు చూశాడు. పాదు పెట్టొద్దని తను అడిగిన ఇళ్లు అక్కడ ఉన్నాయి.

ఎనిమిది రోజులకు ఉత్తరం వచ్చింది. అదీ నేనే చదివాను. రెండు వాక్యాలు. పంట తిరస్కరించాము. కాయలన్నీ పొలంలోనే గొయ్యి తీసి పూడ్చి, మార్చి ఒకటి లోపల మళ్లీ విత్తాలి. కింద భూమేశ్ పేరు, పాస్‌పోర్టు నంబరుతో సహా.

మర్నాడు బడికి సెలవు పెట్టి సీబ్ వెళ్లాను. తప్పు నాది, నా తమ్ముడిది కాదని చెప్పాను. ఆఫీసులో అమ్మాయి మర్యాదగా విన్నది, మంచినీళ్లిచ్చింది. ఇంకెవరినైనా నేర్పించి పెట్టండి, ఒక్క నెలకు అని అడిగాను. ఒప్పందం పదో పేజీ తీసి నా వైపు తిప్పింది. నేను వినిపించిన పేజీయే.

ఖల్ఫాన్ దగ్గరికి వెళ్లాను. అతను కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

"నేను పంపిస్తే వాళ్లు పైపులు పీక్కుని ఊరుకోరు ముదర్రిసా" అన్నాడు. "కేసు వేస్తారు. ఆ పంటకు హామీగా మూడేళ్ల నీళ్ల వంతు కంపెనీకి రాసిచ్చాను. నీళ్లు పోతే ఆవులు లేవు, చెట్లు లేవు." చివరికి అన్నాడు: "హమ్ భీ అందర్. వో భీ అందర్." మేమూ లోపలే, అతనూ లోపలే.

"పారిపోతే?" అని ఆ రోజు భూమేశ్‌ను అడిగింది నేనే. తమ్ముడిని అలా అడుగుతానని ఎన్నడూ అనుకోలేదు. ఎంబసీ దాకా నేనే కారులో తీసుకుపోతానన్నాను.

"నేను పోతే ఈ ముసలాయనను ముంచుతరక్కా. మూడెకరాలోడు. మన నాయిన అసుంటోడు." నవ్వడానికి ప్రయత్నించాడు. "జూన్ల అయిపోతది గద. ఐదు నెలలు. నువ్వు మల్ల పప్పు వండకపోతే సాలు."

ఆ మాటకు నేను నవ్వలేదని చూసి, "జోక్ చేసిన అక్కా" అన్నాడు. తర్వాత చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

ఫిబ్రవరి ఇరవై మూడు, సోమవారం. తొమ్మిదో తరగతిలో పరీక్ష పేపర్లు పంచుతుంటే నవీన వాళ్ల అన్న భార్య ఫోను చేసింది. గడువుకు వారం ముందే నొప్పులొచ్చాయి. మెట్‌పల్లి ఆస్పత్రి. మాట్లాడి, ఆమెను ఒక రికార్డింగు పంపమని అడిగి, అది ఫోన్లోకి వచ్చేదాకా వరండాలో నిలబడ్డాను. పేపర్లు పక్క టీచరుకు ఇచ్చి బయల్దేరాను.

పొలం చేరేసరికి పన్నెండు దాటింది. దూరం నుంచే తియ్యటి వాసన కమ్మేసింది. గట్టు పక్కన లోతైన గొయ్యి. ఊళ్లోవాళ్లు కొందరు గోడ దగ్గర నిలబడి చూస్తున్నారు. భూమేశ్ తీగ నుంచి కాయ కోసి, మట్టిలో త్వరగా కుళ్లేలా కత్తితో రెండు చెక్కలు చేసి గోతిలో పడేస్తున్నాడు. తెల్లదారాలు ఇంకా తొడిమలకు ఉన్నాయి. ఖల్ఫాన్ మట్టి లాగుతున్నాడు. నిసార్ ఫోటోలు తీయడానికి వచ్చి గట్టు మీద ఉన్నాడు.

నన్ను చూడగానే భూమేశ్ చేతిలో కత్తి ఆగింది. సోమవారం నేను ఎన్నడూ రాలేదు.

"ఏమైందక్కా?"

"ఆడపిల్ల. నవీన బాగుంది."

అతను కదల్లేదు.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది. ఇందులో ఉంది."

ఫోను అందించబోయాను. రసం కారుతున్న చేతులు వెనక్కి పెట్టుకుని చెవి మాత్రం వంచాడు. పన్నెండు క్షణాలుంటుంది. మొదట ఎవరో నర్సు మాట, తర్వాత బిడ్డ ఏడుపు, సన్నగా మొదలై గట్టిగా. అయిపోయింది.

"ఇంకోపారి పెట్టు."

పెట్టాను. ఖల్ఫాన్ పార వదిలి దగ్గరికి వచ్చాడు.

"బింత్?" అన్నాడు. ఆడపిల్లేనా అని.

"బింత్" అన్నాను. అతను భూమేశ్ తల మీద చేయి పెట్టి అరబ్బీలో ఏదో దీవెన చెప్పాడు. గోడ దగ్గరి ముసలామె అది విని పక్కవాళ్లకు చెప్పింది.

నిసార్ బూట్లు విప్పి గట్టు దిగి వచ్చాడు. "భూమేశ్, కత్తి ఇటియ్యి. నువ్వు కూసో. మిగిలినయి నేను కోస్త."

"వద్దన్నా" అన్నాడు భూమేశ్. "నా పేరు మీద రాసుంది గద. ఫోటోల నేనే ఉండాలె."

మిగిలిన వరుసల వైపు వెళ్లాడు. నేను గోతి పక్కన ఫోను పట్టుకుని నిలబడ్డాను. చేతుల నిండా కాయలతో వచ్చి, చెక్కలు చేసి పడేసినప్పుడల్లా నా వైపు తిరిగి, "పెట్టక్కా" అన్నాడు.

పెట్టాను.